గుణదల మాత ఉత్సవాలకు మొదటిసారి వెళ్తున్నాం, కథోలిక సంప్రదాయాల గురించి చెప్పండి

సుధ_మల్కాజిగిరి

అందరికీ నమస్కారం. మా పక్కింటివారు ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండకు వెళ్తారు. ఈసారి పిల్లలతో సహా మమ్మల్నీ రమ్మన్నారు. మేము హిందువులం. మా అత్తగారి చిన్నతనంలో వాళ్ల ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చారని చెబుతుంటారు. అంతకు మించి నాకేమీ తెలియదు.

అక్కడి విగ్రహం ఎవరిది? గుహ ఎందుకు? పండుగ ఫిబ్రవరి 11నే ఎందుకు? పూజ జరుగుతుండగా మేము కూర్చోవచ్చా? ప్రసాదం పంచితే తీసుకోవచ్చా? మెదక్ చర్చి కూడా వీళ్లదేనా? తెలియక ఏదో చేసి ఎవరి మనసూ నొప్పించకూడదని నా ఆరాటం. కాస్త వివరంగా చెబితే పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్తాను.

జపమాల

తప్పకుండా వెళ్లండి సుధ గారూ. గుణదల కొండ ఎక్కేవారిలో కథోలికులు కానివారు ఎప్పుడూ ఉంటారు. ఎవరూ మిమ్మల్ని మతం అడగరు.

విగ్రహం మరియ తల్లిది. లూర్దు మాత రూపం. తెల్లని వస్త్రం, నడుముకు నీలిరంగు పట్టీ, చేతికి జపమాల, పాదాల మీద ఒక్కో పసుపు గులాబీ. ఎక్కడ లూర్దు మాత విగ్రహం చూసినా ఈ గుర్తులే ఉంటాయి. ఎదురుగా మోకరించి ఉండే చిన్నపిల్ల పేరు బెర్నదెత్. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్స్‌లోని లూర్దు అనే ఊళ్లో, 14 ఏళ్ల ఈ పేదపిల్ల చెల్లెలితో, స్నేహితురాలితో కలిసి కట్టెపుల్లలు ఏరుకోవడానికి నది ఒడ్డుకు వెళ్లింది. అక్కడి మస్సబియెల్ గుహలో ఒక స్త్రీమూర్తి ఆమెకు దర్శనమిచ్చింది. ఆ ఏడాది జూలై 16 వరకు మొత్తం 18 దర్శనాలు. మార్చి 25న ఆ తల్లి తాను అమలోద్భవినని చెప్పింది. మరియమ్మ తన తల్లి గర్భంలో పడిన క్షణం నుంచే జన్మపాపం అంటనిది అని ఆ మాటకు అర్థం. పోపు 9వ పియస్ ఈ విశ్వాసాన్ని అధికారికంగా ప్రకటించి అప్పటికి నాలుగేళ్లే అయింది. చదువురాని పిల్ల నోట ఆ మాట విని ఊరి గురువుగారు (కథోలిక పూజారి) నిర్ఘాంతపోయారు.

అందుకే పండుగ ఫిబ్రవరి 11న. అందుకే గుహ. ప్రపంచంలో చాలా దేశాల్లో లూర్దు గుహను పోలిన గుహలు కట్టుకున్నారు. మన గుణదలలో కొండ రాతిలోనే సహజంగా ఒక గూడు ఉండటం వల్ల, అక్కడి అనాథ బాలల ఆశ్రమం చూసుకునే ఇటలీ గురువు అర్లాటి గారు 1924లో అందులో విగ్రహం నిలిపారు. ఉత్సవాలు 9, 10, 11 తేదీల్లో, మూడు రోజులు.

ప్రసాదం సంగతి విడిగా రాస్తాను. అది రెండు ముక్కల్లో చెప్పేది కాదు.

లష్కర్_రవి

మెదక్ ప్రశ్నకు నేను చెబుతాను. మెదక్ చర్చి కథోలికులది కాదు. అది సి.ఎస్.ఐ. వారిది, అంటే దక్షిణ ఇండియా సంఘానిది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గుణదలలో విగ్రహం నిలిచిన సంవత్సరమూ అదే కావడం యాదృచ్ఛికం.

బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా అనిపించవచ్చు. లోపలికి వెళ్తే తేడా ఇట్టే తెలుస్తుంది. కథోలిక దేవాలయంలో సిలువ మీద క్రీస్తు శరీరం కూడా ఉంటుంది. రెండు వైపుల గోడల మీద సిలువ మార్గం 14 స్థలాల చిత్రాలు వరసగా ఉంటాయి. పునీతుల (సెయింట్ల) విగ్రహాలుంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా బలిపీఠం దగ్గర తాళం వేసిన చిన్న మందసం, దాని పక్కన రాత్రింబవళ్లు వెలిగే ఎర్రని దీపం. ఆ దీపం వెలుగుతోందంటే లోపల దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పవిత్రపరచిన అప్పం ఉందని అర్థం. కథోలికులు దేవాలయంలో అడుగుపెట్టగానే మోకాలు వంచేది ఆ మందసం వైపు చూసే.

మల్కాజిగిరిలోనే ఉన్నారు కాబట్టి గుణదల కంటే ముందు సికింద్రాబాద్ ఎస్.డి. రోడ్డులోని సెయింట్ మేరీస్ చూడండి. 1850లో పూర్తయింది. ఐర్లండు నుంచి వచ్చిన డానియెల్ మర్ఫీ అనే గురువు కట్టించారు. తరువాత హైదరాబాదు ప్రాంతానికి తొలి మేత్రాణులు (బిషప్) ఆయనే. 2008లో దీనికి బసిలికా హోదా, అంటే పోపు ఇచ్చే ప్రత్యేక గౌరవం వచ్చింది. పనిరోజు మధ్యాహ్నం వెళ్తే ఖాళీగా ఉంటుంది, తాపీగా చూసుకోవచ్చు.

సువార్త_పాఠకుడు

నేను బాప్టిస్టు కుటుంబంలో పుట్టినవాణ్ణి. గొడవకు కాదు గానీ మనస్ఫూర్తిగా అడుగుతున్నాను. బైబిలులో విగ్రహాలకు మొక్కవద్దని స్పష్టంగా ఉంది కదా. మరియమ్మను దేవతగా కొలవడం క్రైస్తవం ఎలా అవుతుంది?

జపమాల

మంచి ప్రశ్న, అడిగిన తీరు ఇంకా మంచిది.

ఆరాధన దేవునికి మాత్రమే. మరియమ్మకూ పునీతులకూ చేసేది వందనం. ఈ తేడా ఇవాళ మేము చెప్పుకుంటున్నది కాదు. 787లో నిసియాలో జరిగిన రెండో మహాసభ దీనిమీదే తీర్మానం చేసింది: పటానికి చేసే గౌరవం పటంలోని వ్యక్తికి చెందుతుంది, ఆరాధన మాత్రం దేవునికే. జపమాలలో మేము చెప్పే ప్రార్థన చూడండి. “దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము” అని మొదలవుతుంది. అది లూకా సువార్తలో దేవదూత పలికిన పలుకు. రెండో సగంలో అడిగేది మా కోసం ప్రార్థించమని. వరం నువ్వే ఇవ్వు అని కాదు.

కొండ మీద మొక్కులు మొక్కే ప్రతి ఒక్కరి మనసులోనూ ఈ తేడా ఇంత స్పష్టంగా ఉందా అంటే, ఉండకపోవచ్చు. అందుకే ఉత్సవాల్లో ప్రసంగాలు, ధ్యానాలు పెట్టేది. పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేటప్పుడు నేను మొదట చెప్పే పాఠం కూడా ఇదే.

సువార్త_పాఠకుడు

అంగీకరించలేను గానీ అర్థమైంది. వందనాలు.

సందేహి

నాదొక ప్రశ్న. కొబ్బరికాయలు, తలనీలాలు, హారతి, కొండ మీద కోవెల, తిరునాళ్లు. ఇవన్నీ మన ఆలయాల పద్ధతులే కదా. జనాన్ని ఆకర్షించడానికి అరువు తెచ్చుకున్నారని విమర్శ ఉంది. దానికి జవాబేమిటి?

విశ్రాంత_ఉపాధ్యాయుడు

రెండు వేర్వేరు సంగతులు ఇందులో కలిసిపోయాయి. విడదీసి చూద్దాం.

తలనీలాలు, కొబ్బరికాయ అనేవి ఏ పూజా గ్రంథంలోనూ లేవు. గురువులు చెప్పి చేయించేవి కావు. కృష్ణా, గుంటూరు జిల్లాల జనం తమకు తెలిసిన పద్ధతిలో మొక్కుకుని, తమకు తెలిసిన పద్ధతిలోనే తీర్చుకున్నారు. అలా వచ్చేవారిలో హిందువులు ఎంతోమంది. సుధ గారి అత్తగారి కుటుంబమే అందుకు సాక్ష్యం. బిడ్డ పుట్టాలని మొక్కిన తల్లి జుట్టు ఇస్తానంటే, అది మన పద్ధతి కాదు పొమ్మని కొండ దిగువన నిలబడి చెప్పే మనిషి గురువు అవుతాడా? ఎవరో వ్యూహం పన్నితే వచ్చినవి కావు ఇవి. జనం వెంట నడిచి వచ్చాయి.

హారతి, నూనె దీపం, చెప్పులు విడవడం, నేలమీద కూర్చోవడం సంగతి వేరు. వీటికి అధికారిక అనుమతి ఉంది. 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండో వాటికన్ మహాసభ తరువాత, భారత పీఠాధిపతులు (బిషప్పులు) పూజలో వాడదగిన 12 భారతీయ పద్ధతులను రోముకు పంపితే 1969 ఏప్రిల్‌లో ఆమోదం లభించింది. చేతులు జోడించి శాంతి చెప్పుకోవడం, పంచాంగ ప్రణామం, పళ్లెంలో హారతి అందులోవే. అప్పట్లో కథోలికులలోనే కొందరు వీటిని గట్టిగా వ్యతిరేకించారు. మా ఊళ్లో పెద్దవారు లాటిను పూజే పూజ అనేవారు. గురువు బలిపీఠం వైపు తిరిగి, జనానికి వీపు పెట్టి, తెలియని భాషలో మెల్లగా చదువుతుంటే జనం తమ జపమాల తాము చెప్పుకునేవారు. పూజ తెలుగులోకి వచ్చాకే తాము ఏం వింటున్నామో వాళ్లకు తెలిసింది. నా దృష్టిలో గడిచిన శతాబ్దంలో తెలుగు కథోలికులకు జరిగిన అతి పెద్ద మేలు అదే.

సందేహి

ఓపికగా చెప్పారు, ధన్యవాదాలు. అయినా మూలంలోకి వెళ్తే ఇది బ్రిటిషు వారి వెంట వచ్చిన మతమే కదా?

పల్నాటి_చరిత్ర

కాదు. ఈ మాట ఎక్కడ కనబడినా నేను ఆగి జవాబు రాస్తాను.

తెలుగు నేలమీద కథోలిక చరిత్రలో బ్రిటిషు వారి పాత్ర చాలా తక్కువ. ఈస్టిండియా కంపెనీ 1813 దాకా మిషనరీలను తన ప్రాంతాల్లోకి అంత సులభంగా రానిచ్చేదే కాదు. వారికన్నా 100 ఏళ్ల ముందే ఫ్రెంచి జెస్యూట్ (యేసు సభ) గురువులు పాండిచ్చేరి కేంద్రంగా కర్ణాటక మిషన్ మొదలుపెట్టి, 18వ శతాబ్దం తొలి ఏళ్లలో పుంగనూరు చేరారు. తరువాత రాయలసీమలోని కృష్ణాపురం వారికి ముఖ్య స్థావరం అయింది. అప్పటికి అక్కడ ఏలుబడి పాలెగాళ్లది, నవాబులది. తెల్లదొరల సైన్యం లేదు, కోట లేదు.

వాళ్లు బతికిన తీరు చూడండి. మదురైలో అంతకు ముందు రాబర్టు డి నోబిలి అనే జెస్యూట్ గురువు వేసిన బాటలో కాషాయం కట్టారు, మాంసం మానేశారు, నేలమీద పడుకున్నారు, తెలుగు నేర్చుకున్నారు. వారిలో కూర్దూ అనే గురువు తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి పదాలతో నిఘంటువు కూర్చారు. సంస్కృతానికీ, లాటిను, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని 1767లో పారిసులోని విద్వత్సభకు రాసి పంపింది ఆయనే. విలియం జోన్స్ అదే సంగతి కలకత్తాలో చెప్పి పేరు తెచ్చుకున్నది 1786లో. మన రాయలసీమ ఎండలో కూర్చుని ఆ పోలికలు పట్టుకున్న మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను వేదాంత రసాయనం అనే పద్యకావ్యంగా రాశారు. సీసాలు, కందాలు, ఉత్పలమాలల్లో.

1773లో పోపు 14వ క్లెమెంటు జెస్యూట్ సభనే రద్దు చేశారు. గురువులు లేకుండా పోయారు. మరోపక్క యుద్ధాలు, కరవులు. రాయలసీమ కథోలిక కుటుంబాలు కొన్ని బండ్లు కట్టుకుని ఉత్తరానికి నడిచి గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. ఫిరంగిపురం, రావిపాడు చుట్టుపక్కల కథోలిక రెడ్ల, కమ్మవారి ఇళ్లలో ఈ వలస కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. గురువులు ఏళ్ల తరబడి కనిపించని కాలంలో జపమాల, జ్ఞానస్నానం (బాప్తిస్మం), నోటి ప్రార్థనలతోనే ఈ కుటుంబాలు నిలబడ్డాయి. అందుకే మా పల్లెల్లో పాత ప్రార్థనలు గ్రాంథికంలో, రాగం తీస్తూ చెబుతారు. ముసలివాళ్లకు పుస్తకం అక్కర్లేదు.

ఫిరంగిపురం వెళ్తే పాత బాలయేసు దేవాలయం చూడండి. ఆ ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన మిల్ హిల్ సభ గురువులు 1870ల నుంచి పనిచేశారు. ఊరి కొండ మీద కార్మెల్ మాత గుడి ఉంది, జూలై 16 ఆమె పండుగ. పల్నాడు మిరప, పత్తి పనుల మధ్యలోనూ జనం ఆ తిరునాళ్లకు వస్తారు.

సందేహి

కూర్దూ గురించి ఇప్పుడే మొదటిసారి వింటున్నాను. సరే, ఇంకొకటి. గోవాలో మతవిచారణ పేరుతో జరిగిన హింసను ఏమంటారు? ఇక్కడ రెడ్లు, కమ్మవారు అన్నారు. మరి కులం చర్చిలోకి కూడా వచ్చినట్టే కదా?

పల్నాటి_చరిత్ర

రెండూ నిజమే.

గోవాలో 1560లో మొదలైన మతవిచారణ న్యాయస్థానం మధ్యలో కొన్నేళ్లు ఆగి, చివరికి 1812లో రద్దయింది. హిందువులు, యూదులు, చివరికి కొత్తగా కథోలికులైనవారు కూడా దాని కింద నలిగారు. పాత గోవా చూడటానికి వెళ్లేవారు ఫ్రాన్సిస్ శౌరివారి (ఫ్రాన్సిస్ జేవియర్) సమాధితో పాటు ఆ చరిత్రనూ తెలుసుకుని వెళ్లాలి.

కులం విషయంలో జెస్యూట్లు చేసిన రాజీ మాకు తలనొప్పిగానే మిగిలింది. పై కులాలవారి కోసం ఒక తరహా గురువులు, అంటరానివారన్న వారి కోసం ఇంకో తరహా గురువులు. పోపు ప్రతినిధి తూర్నోన్ 1703లో పాండిచ్చేరికి వచ్చి, 1704లో ఈ ఆచారాలలో కొన్నింటిని నిషేధించారు. తగవు 40 ఏళ్లు సాగి, 1744లో పోపు 14వ బెనెడిక్టు తీర్పుతో ముగిసింది. కాగితం మీద ముగిసింది గానీ ఊళ్లలో ముగియలేదు. వేరు వరసలు, వేరు సమాధి తోటలు చాలాచోట్ల కొనసాగాయి. ఇప్పుడు తెలుగు కథోలికుల్లో ఎక్కువమంది దళితులే. వారి పూర్వీకులు మా తరువాత వచ్చి, మాకన్నా ఎక్కువ కష్టపడి ఈ విశ్వాసాన్ని నిలబెట్టారు.

అల్లూరు_సాగర్

ఆ చివరి మాట రాసినందుకు కృతజ్ఞతలు అన్నా. మా తాతగారి కాలంలో ఏ గుమ్మం దగ్గర నిలబడాలో కూడా నియమం ఉండేదని మా నాయనమ్మ చెప్పేది.

2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారిని పోపు ఫ్రాన్సిస్ కార్డినల్‌గా చేసిన రోజు మా విచారణలో (మా చర్చి పరిధిలో) గంటలు మోగించాం. కార్డినల్ అయిన తొలి దళితుడు, తొలి తెలుగువాడు. కర్నూలు జిల్లాలో పుట్టి, కర్నూలు పీఠాధిపతిగా పనిచేసిన మనిషి. 2025 మేలో కొత్త పోపును ఎన్నుకున్న సభలో ఆయన ఓటు వేశారు. పోపు 14వ లియోను ఎన్నుకున్న వారిలో మనవాడు ఉన్నాడంటే మా నాయనమ్మ బతికి ఉంటే ఎంత సంతోషించేదో. సాధించాల్సింది ఇంకా చాలా ఉంది. ఆ రోజు మాత్రం మాది.

జపమాల

సాగర్ బాబూ, ఆ రోజు నీదే కాదు, మనందరిదీ.

ఇప్పుడు సుధ గారికి ప్రసాదం సంగతి.

పూజకు నిరభ్యంతరంగా కూర్చోండి. సాధారణంగా గంట పడుతుంది. ఉత్సవాల్లో ఆరుబయట పెద్ద వేదిక మీద జరుగుతుంది కాబట్టి ఎక్కువ సేపు కూడా కావచ్చు. మొదట బైబిలు పఠనాలు, తరువాత ప్రసంగం, ఆ తరువాత కానుకలు. అప్పుడు అసలు భాగం వస్తుంది. గురువు గోధుమ అప్పాన్ని రెండు చేతులతో పైకెత్తుతారు. చిన్న గంట మోగుతుంది. అంతవరకు పిల్లల ఏడుపులు, గాజుల చప్పుళ్లు ఉన్న చోట ఒక్కసారి నిశ్శబ్దం. జనమంతా మోకాళ్ల మీద ఉంటారు. మీరు కూర్చున్నా తప్పు లేదు, మాట్లాడకుండా ఉంటే చాలు. ఆ క్షణంలో అప్పం క్రీస్తు శరీరంగా, ద్రాక్షారసం ఆయన రక్తంగా మారతాయని మా విశ్వాసం. గుర్తుగా కాదు, నిజంగా.

తరువాత జనం వరసలో వెళ్లి దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తారు. గురువు “క్రీస్తు శరీరం” అంటారు, తీసుకునేవారు “ఆమెన్” అంటారు. ఆమెన్ అంటే అవును, నేను దీన్ని నమ్ముతున్నాను అని ఒప్పుకోవడం. అందుకే జ్ఞానస్నానం పొంది, సిద్ధపడినవారికే ఇస్తారు. కథోలికులు కూడా కనీసం ఒక గంట ముందు నుంచి ఏమీ తినరు. పెద్ద పాపం మనసులో ఉంటే పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపం ఒప్పుకోవడం) చేశాకే వెళ్తారు. మీరు లేవకుండా కూర్చోండి. ఎవరైనా తెలియక వరసలోకి రమ్మన్నా చేతులు జోడించి వద్దనండి. మిమ్మల్ని దూరం పెట్టడానికి కాదు. మీరు నమ్మని మాటకు మీ చేత ఆమెన్ అనిపించడం మీకు మర్యాద కాదు కదా.

ఇంకేదైనా ఎవరైనా పెడితే, పులిహోర గానీ మిఠాయి గానీ, సంతోషంగా తీసుకోండి. తీర్థం నుదుటికి రాసుకోవచ్చు. కొవ్వొత్తి వెలిగించవచ్చు.

సుధ_మల్కాజిగిరి

ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు జపమాల గారూ. మా పెద్దమ్మాయి లూర్దులో రోగాలు నయమవుతాయా అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

విశ్రాంత_ఉపాధ్యాయుడు

అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పండి. బెర్నదెత్ మట్టిని చేత్తో తవ్విన చోట ఊట పుట్టింది, ఆ నీళ్లే లూర్దు నీళ్లు. ఆ నీళ్లలో మందు ఏదీ లేదని కథోలిక సభే చెబుతుంది. నయమైందని ఎవరైనా అంటే అక్కడ 1883 నుంచి ఉన్న వైద్య కార్యాలయం రికార్డులు అడుగుతుంది. ఆ జబ్బు తీవ్రమైనదా, చికిత్స వల్ల తగ్గిందా, మళ్లీ తిరగబెట్టిందా అని వైద్యులు ఏళ్ల తరబడి పరిశీలిస్తారు. అందులో నమ్మకం లేని వైద్యులు కూడా పాల్గొనవచ్చు. వైద్యానికి అంతుపట్టనిది అని వారు తేల్చాక, ఆ మనిషి ఉండే మేత్రాసనపు (బిషప్ పరిధిలోని ప్రాంతపు) పీఠాధిపతి అద్భుతమా కాదా అన్నది ప్రకటిస్తారు. ఇన్నేళ్లలో, కోట్ల మంది వెళ్లిన చోట, అలా ప్రకటించినవి 70 పైచిలుకు మాత్రమే. తొందరపడి అద్భుతం అనరు.

బెర్నదెత్ తాను కన్యస్త్రీగా ఉంటూ 35 ఏళ్లకే జబ్బుతో చనిపోయింది. ఆ ఊట తన కోసం కాదు అనేది. మీ అమ్మాయికి ఇది కూడా చెప్పండి.

ఉక్కునగరం

విశాఖవైపు వచ్చేవారికి ఒక మాట. ఓడరేవు పక్కన మూడు కొండలు ఆనుకుని ఉంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, రాస్ కొండ మీద మరియ మాత. మూడూ ఒక పూటలో ఎక్కి దిగవచ్చు. సాయంత్రం పూట రాస్ కొండ మీది నుంచి ఓడలు రేవులోకి వచ్చే దారి బాగా కనిపిస్తుంది. ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న సవోయి ప్రాంతం నుంచి వచ్చిన పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ సభ గురువులు విశాఖలో దిగింది 1846లో. ఉత్తరాంధ్రలో ఎన్నో బడులు వారివే.

లష్కర్_రవి

శ్రమల కాలం గురించి ఎవరూ చెప్పలేదు. సాధారణంగా గుణదల పండుగ అయిన కొద్ది రోజులకో, కొన్ని వారాలకో విభూది బుధవారం వస్తుంది. అక్కడి నుంచి పాస్కా (ఈస్టర్) దాకా 40 రోజుల తపస్సు. నుదుట రాసే విభూది కిందటి ఏడాది మ్రాని కొమ్మల ఆదివారం నాడు దీవించిన మట్టలను కాల్చి చేసిందే. అప్పటి నుంచి శుక్రవారాల్లో సిలువ మార్గం ఉంటుంది. ఆసక్తి ఉన్నవారికి పవిత్ర గురువారం సాయంత్రం చూడమంటాను. గురువు వంగి 12 మంది కాళ్లు కడిగి, తుడుస్తారు. శుక్రవారం పూజ ఉండదు, మందసం తలుపు తెరిచి ఖాళీగా ఉంటుంది. శనివారం రాత్రి చీకట్లో బయట నిప్పు రాజేసి, దాని నుంచి పెద్ద పాస్కా వత్తి వెలిగించి, ఆ ఒక్క మంట నుంచి అందరి చేతుల్లోని వత్తులూ వెలిగిస్తారు. ఏడాది మొత్తంలో ఒకే ఒక్క ఆరాధన చూడాలంటే నేను ఆ రాత్రినే ఎంచుకుంటాను.

తిబెర్_తీరం

రోములో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడికి వచ్చే తెలుగువాళ్లు పునీత పేతురు బసిలికా, సిస్టీన్ చాపెల్ చూసి వెళ్లిపోతారు. అది సరిపోదు.

పేతురు బసిలికా పోపు ప్రధాన దేవాలయం కాదు. ఆయన పీఠం ఉన్నది లాతరాను బసిలికాలో. రోము మేత్రాసనానికి అదే ప్రధాన దేవాలయం. దాని ఎదురుగా పవిత్ర మెట్లు ఉన్నాయి. క్రీస్తు పిలాతు ఎదుటికి వెళ్తూ ఎక్కిన మెట్లని సంప్రదాయం. 28 మెట్లూ మోకాళ్ల మీదే ఎక్కాలి. పాలరాతి మీద చెక్క తొడుగు వేసి ఉంటుంది. ముసలమ్మలు ఒక్కో మెట్టు దగ్గర ఆగి ప్రార్థిస్తూ ఎక్కుతుంటే చూసి, మా అమ్మగారు తిరుపతి మెట్లకు పసుపు కుంకుమ రాస్తూ ఎక్కిన వాళ్లను గుర్తు చేసుకున్నారు. పోపు ఫ్రాన్సిస్‌ను ఖననం చేసిన మరియ మాత మహా బసిలికా కూడా ఇక్కడికి దగ్గరే. సమాధి రాతిమీద ఆయన పేరు ఒక్కటే ఉంది.

బసిలికాల్లోకి ప్రవేశం ఉచితం. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, లేకపోతే లోపలికి పంపరు. చీర, చుడీదారు అయితే ఇబ్బందే లేదు. 25 ఏళ్లకోసారి వచ్చే జూబిలీ 2026 జనవరి 6న ముగిసింది, పవిత్ర ద్వారాలు మూసేశారు. రద్దీ తగ్గాక రావడం ఒక రకంగా మేలే. బుధవారాల్లో పోపు ప్రజలకు దర్శనమిస్తారు, దానికి టికెట్ ఉచితం. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

అల్లూరు_సాగర్

మన దేశంలో వేళాంగణి మర్చిపోకండి. ఆగస్టు 29న జెండా ఎత్తితే సెప్టెంబరు 8న మరియమ్మ పుట్టినరోజుతో ముగుస్తుంది. నెల్లూరు వైపు నుంచి కాషాయం కట్టుకుని వెళ్లేవారు ఎందరో. దారిలో చెన్నైలో శాంతోం బసిలికా ఉంది. అపోస్తలుడు తోమాగారి సమాధి మీద కట్టిందని నమ్మకం. సమాధి గదిలోకి దిగి చూడవచ్చు.

గోవాలో శౌరివారి శరీరాన్ని పదేళ్లకోసారి కిందికి దింపి దర్శనానికి పెడతారు. కిందటిది 2025 జనవరి 5తో ముగిసింది. మిగతా రోజుల్లో బోం జీసస్ బసిలికాలో వెండి పేటిక ఎత్తున ఉంటుంది, కింది నుంచే చూడాలి.

సుధ_మల్కాజిగిరి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ ఆదివారం సెయింట్ మేరీస్ చూసి, తరువాత గుణదల వెళ్తాం. చివరగా మూడు చిన్న ప్రశ్నలు. మూడు రోజుల్లో పిల్లలతో ఏ రోజు మేలు? ఫొటోలు తీసుకోవచ్చా? చిన్నవాడికి అత్తగారు తలనీలాలు ఇప్పించమంటున్నారు, అది కుదురుతుందా?

జపమాల

పిల్లలతో అయితే 9వ తేదీ ఉదయం రండి. 11న మేత్రాణుల ఆధ్వర్యంలో మహాపూజ ఉంటుంది, బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ కొండ దారిలో చిన్నపిల్లలను ఎత్తుకుని నిలబడటం కష్టం. తెల్లవారుజామునే ఎక్కితే ఎండ తగలదు. గుహ దగ్గర వరస కదులుతూనే ఉంటుంది, అక్కడ ఆగి ఫొటోలు తీయకండి. వెనుక వచ్చేవారు ఎంతో దూరం నుంచి మొక్కుతో వస్తారు. ఓపిక ఉంటే కొండ కొనన ఉన్న పెద్ద సిలువ దాకా వెళ్లండి. ఊరు, కాలువలు, దూరంగా కృష్ణ కనిపిస్తాయి. పూజ జరుగుతుండగా ఫొటోలు వద్దు, మిగతా చోట్ల తీసుకోండి.

తలనీలాలు కింద ఇస్తారు. ముందు టికెట్ తీసుకుని వరసలో కూర్చోబెట్టండి, తరువాత స్నానం చేయించి పైకి తీసుకెళ్లండి. బాబుకు టోపీ, ఒక పొడి తువ్వాలు వెంట ఉంచుకోండి. కొండ మీద ఉదయం గాలి చల్లగా ఉంటుంది.